పన్నెండు చీటీల తేడా

“ఐదింటికి అరెస్టు చూపిస్తాను,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “ఈలోగా ఆ స్టోర్‌కీపర్ అమ్మాయితో మాట్లాడుకోండి. నాకేం అభ్యంతరం లేదు. పెద్దగా ఆశ కూడా లేదు.”

బుధవారం మధ్యాహ్నం. స్టేషన్ గోడ గడియారం రెండూ పది చూపిస్తోంది. నాకు యాభై నాలుగేళ్ళు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. పొద్దుట్నుంచి కడుపులో మంచినీళ్ళు తప్ప ఏమీ పడలేదు. వేలిముద్రల విభాగంలో పదిహేనేళ్ళు కళ్ళు పోగొట్టుకున్నాక హాయిగా ఇంట్లో కూర్చోకుండా ఈ ప్రైవేటు డిటెక్టివ్ వేషం ఎందుకు కట్టానా అని నన్ను నేనే తిట్టుకుంటూ లేచాను.

చెప్పుకోవడానికి కేసు చిన్నదే. శుక్రవారం మునిసిపల్ ఎన్నికలు. మొట్టమొదటిసారి కొత్త ఓటింగ్ మెషీన్లు పెడుతున్నారు. జనానికి వాటి మీద నమ్మకం లేదు. అందుకని ఎన్నికల అధికారి ఆదివారం టౌన్‌హాల్లో బహిరంగ పరీక్ష పెట్టించాడు. ఐదు మెషీన్లు, ఒక్కోదానికి రెండు వందల మంది. ఎవరికి ఇష్టమొచ్చిన గుర్తు వాళ్ళు నొక్కారు, గొడుగో, నిచ్చెనో. నొక్కిన ప్రతిసారీ మెషీను తనలో లెక్క వేసుకుంటుంది, ఒక చిన్న చీటీ కూడా అచ్చయి పెట్టెలో పడుతుంది. సాయంత్రం మెషీన్ల లెక్క చదివి వినిపించారు. చీటీల్ని మాత్రం లెక్కపెట్టకుండా కవర్లలో పెట్టి, సీలు వేసి, స్ట్రాంగ్ రూములో దాచారు. సోమవారం పదకొండింటికి అందరి ముందూ తీసి లెక్కపెట్టారు.

నాలుగు మెషీన్లకి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. మూడో నంబరు మెషీను గొడుగుకి నూట తొమ్మిది, నిచ్చెనకి తొంభై ఒకటి అని చెప్పింది. చీటీల్లో గొడుగుకి తొంభై ఏడు, నిచ్చెనకి నూట మూడు వచ్చాయి. పన్నెండు ఓట్ల తేడా. ఇక చూసుకోండి, మెషీనే దొంగ అని ఊరంతా రోడ్డెక్కింది. చీటీలు ఎవరో మార్చారని మెషీన్ల కంపెనీ ఎదురు ఫిర్యాదు ఇచ్చింది. స్ట్రాంగ్ రూముకి రెండు తాళాలు. ఒకటి ఎన్నికల అధికారి దగ్గర, రెండోది స్టోర్‌కీపర్ దగ్గర. స్టోర్‌కీపర్ తమ్ముడు నిచ్చెన పార్టీ జెండా మోస్తాడు. పోలీసులకి ఇంతకంటే ఏం కావాలి?

వరండాలో బెంచీ మీద ఒక ముసలావిడ నన్ను చెయ్యి పట్టుకుని ఆపింది. స్టోర్‌కీపర్ అత్తగారు.

“ఏమమ్మా, నువ్వేనా మా కోడల్ని విడిపించేది?”

“ప్రయత్నం చేస్తున్నానండీ.”

“ప్రయత్నమేంటి, విడిపించు. ఇంట్లో దాన్ని నేను రోజుకి పదిసార్లు తిడతాను, అది మా ఇంటి గొడవ. దొంగ అని బయటవాడు అంటే మాత్రం నాలిక చీరేస్తాను. చంటిదానికి జ్వరం. తల్లి కోసం ఒకటే ఏడుపు.”

ఆవిడ చెయ్యి మెల్లగా విడిపించుకుని లోపలికి వెళ్ళాను.

స్టోర్‌కీపర్‌కి ముప్పై ఉంటాయేమో. మునిసిపల్ గుర్తింపు కార్డు ఇంకా మెడలోనే వేలాడుతోంది, తీసెయ్యాలన్న ధ్యాస కూడా లేనట్టుంది.

“సోమవారం పొద్దున రూము ఎప్పుడు తీశారు?”

“ఆరూ నలభైకి. తేమ మీటరు చూసి రాసుకోవాలక్కా, రోజుకి రెండుసార్లు. రూలు. సారూ నేనూ చెరో తాళం తీసి లోపలికెళ్ళాం. ఏడూ ఐదుకి మళ్ళీ వేసేశాం.”

“మీటరు చూడ్డానికి ఇరవై ఐదు నిమిషాలా?”

ఆమె మెడలో కార్డు తాడు వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది.

“చూడమ్మా, ఈ ప్రశ్న నిన్న ఇన్‌స్పెక్టరు అడిగాడు, ఇవాళ పొద్దున కంపెనీ మనిషి అడిగాడు. ఇద్దరికీ నువ్విలాగే నోరు కుట్టేసుకున్నావు. పది నిమిషాల పాటు బయటి గదిలో రిజిస్టరు రాసుకుంటున్నానని మీ సారు చెప్పారు. అంటే ఆ పది నిమిషాలూ కవర్ల దగ్గర నువ్వు ఒక్కదానివే ఉన్నట్టు. అవునా?”

“కాదు.”

“మరి?”

ఆమె తలుపు వైపు చూసింది. నేను లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాను.

“బాత్రూములో ఉన్నానక్కా,” అంది గొంతు తగ్గించి. “రూము వెనకాలే ఉంది. సమయం కాని సమయంలో వచ్చేసింది. చీర పాడైంది. కడుక్కుని, ఆరబెట్టుకుని... అంతమంది మగాళ్ళు చుట్టూ నిలబడి ఎక్కడున్నావ్, ఎక్కడున్నావ్ అంటుంటే ఎలా చెప్పను? పైగా రూము వదిలి వెళ్ళకూడదని రూలు. ఉద్యోగం పోతుంది.”

“జైలుకి పోయేదానికంటే ఉద్యోగం పోవడం నయం కాదుటే?” అని కసిరాను. కసిరాక జాలేసింది. అన్ని గంటలు ప్రశ్నలు అడిగిన మగవాళ్ళలో ఒక్కడికీ ఈ సంగతి తట్టలేదు.

“నువ్వు బాత్రూంలోంచి వచ్చేసరికి మీ సారు ఎక్కడున్నారు?”

“బల్ల దగ్గర. ‘పదమ్మా, తాళం వేద్దాం’ అన్నారు. సార్ని ఇందులోకి లాగకండక్కా. నాకు ఈ ఉద్యోగం వేయించింది ఆయనే. మిమ్మల్ని పెట్టింది కూడా ఆయనేగా.”

నిజమే. నన్ను పిలిచింది ఎన్నికల అధికారే. సోమవారం సాయంత్రం ఫోను చేసి, “ఆ పిల్ల తప్పేమీ లేదు, ఎలాగైనా తేల్చండి” అన్నాడు. ఫీజు ఎంత అని కూడా అడగలేదు.

మునిసిపల్ ఆఫీసు మూడో అంతస్తు ఎక్కేసరికి మూడూ యాభై అయింది. లిఫ్టు పని చెయ్యడం లేదని ఒక కాగితం, ఆ కాగితం కూడా పాతబడిపోయింది. రికార్డు గది తలుపు దగ్గర కంపెనీ మనిషి నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. ఒకప్పుడు పోలీసు శాఖలో పెద్ద హోదాలో ఉండేవాడు. రిటైరయ్యాక మెషీన్ల కంపెనీలో భద్రతా సలహాదారుగా చేరాడు. డిపార్టుమెంటులో మేమంతా ఆయన్ని మాజీ అంటాం. నేను దొరకబుచ్చుకున్న వేలిముద్రలతో మూడు కేసుల్లో మెడల్ తీసుకున్నాడు. ఆ మెడల్స్ సంగతి నేను మర్చిపోయానని ఆయన అనుకుంటాడు.

“ఇంకా ఈ మెట్లు ఎక్కుతూనే ఉన్నారా మేడమ్?” అన్నాడు.

“మీరు ఇంకా గుమ్మాల్లో నిలబడుతూనే ఉన్నారుగా.”

“పదిహేను నిమిషాలే. ముట్టుకోవాలంటే గ్లవ్స్ వేసుకోండి. ఫోటోలు కుదరవు.”

ఎన్నికల అధికారి సంతకం చేసిన అనుమతి పత్రం ఆయన ముక్కు ముందు పెట్టాను. ఫోటోలు తీసుకోవచ్చని అందులో స్పష్టంగా ఉంది. రెండుసార్లు చదివి పక్కకి తప్పుకున్నాడు.

బల్ల మీద మూడో నంబరు మెషీను తాలూకు సామాను ఉంది. ఖాళీ కవరు ఒకటి, రబ్బరు బ్యాండ్లు వేసిన చీటీల కట్టలు రెండు. కవరుకి దారం కట్టి, ముడి మీద లక్క కరిగించి పోసి, ఇత్తడి ముద్రతో నొక్కారు. పేపరు బ్యాలెట్ల రోజుల్లోలాగే. మెషీన్లు మారాయి గానీ సీలు వేసే పద్ధతి మారలేదు.

ముందు గొడుగు కట్ట తిరగేశాను. తొంభై ఏడు చీటీలు, శుభ్రంగా ఉన్నాయి. నిచ్చెన కట్ట విప్పాను. నూట మూడింటిలో ఎనిమిదింటి మీద బొటనవేలి గోరంత మరకలు కనిపించాయి.

“ఇవేమిటి?” అన్నాను.

“ప్రింటింగ్ మరకలు. కొత్త మెషీను, కొత్త రోలు. మామూలే.”

“ఇంకు కారిందా?”

మాజీ పకపకా నవ్వాడు. “ఇంకు ఎక్కడిది మేడమ్? ఇది రిబ్బన్ల కాలం కాదు. మా ప్రింటర్లో ఇంకే ఉండదు. కాగితానికి పూత ఉంటుంది, వేడి తగిలినచోట నల్లబడుతుంది. అక్షరాలు అలా పడతాయి. అందుకే ఇంకు మార్చే పని లేదు, జామ్ అయ్యే బాధ లేదు.”

“ఎంత వేడి కావాలి?”

“పెద్దగా అక్కర్లేదు. మీ వేడి టీ గ్లాసు పెట్టినా మరక పడుతుంది.” కంపెనీ సరుకు గురించి చెప్పడమంటే ఆయనకి సరదా. “ఇంకో పదకొండు నిమిషాలు.”

ఎనిమిది చీటీలూ బల్ల మీద వరసగా పేర్చాను. నల్లటిది ముందు, తర్వాత దానికంటే తేలిక, ఆ తర్వాత ఇంకా తేలిక. మొదటి ఐదింటి మీద మరక సరిగ్గా మధ్యలో ఉంది. మొదటిది బొగ్గులా ఉంది, ఐదోది గోధుమ రంగులోకి వచ్చింది. మిగిలిన మూడింటి మీద మధ్యలో వెలిసిపోయిన మరక ఒకటి, పై అంచున ఇంకో మరక. అంటే ఆ మూడింటికి రెండు మరకలు.

కవరు తీసి కిటికీ వెలుగులో పట్టుకున్నాను. లక్క ఉన్న చోటికి అరంగుళం పైన, పాత లక్క ఊడిపోయిన సన్నటి ఎర్ర గీత.

లక్క కరిగించి కవరు మీద పోస్తే ఆ వేడి లోపలికి దిగుతుంది. మామూలు కాగితమైతే ఏమీ కాదు. ఈ కాగితం మీద మాత్రం పైన ఉన్న ఏడెనిమిది చీటీలకి గుర్తు పడిపోతుంది. ఒకసారి సీలు వేస్తే ఒక వరస, రెండుసార్లు వేస్తే రెండు వరసలు. ఇక్కడ రెండు ఉన్నాయి. పైన ఉన్న ఐదు చీటీలకి మాత్రం మొదటి వేడి తగల్లేదు. ఆదివారం సాయంత్రం ఆ ఐదూ కవర్లో లేవన్నమాట.

ఫోటోలు తీసుకున్నాను.

“ఇత్తడి ముద్ర ఎవరి దగ్గర ఉంటుంది?” అన్నాను, సంచి సర్దుకుంటూ, ఏదో మాటవరసకి అడిగినట్టు.

“ఎన్నికల అధికారి దగ్గరే. జేబులోంచి తియ్యడు ఆయన. ఎందుకు?”

“ఊరికే.”

“ఊరికే ఏదీ అడగరు మీరు.” మాజీ దగ్గరికి వచ్చాడు. “చూడండి, మీకు మంచి మాట చెప్తున్నాను. ఆ పిల్లకి తాళం ఉంది, అవకాశం ఉంది, తమ్ముడున్నాడు. ఇన్‌స్పెక్టరుకి చాలు, నాకు చాలు. శుక్రవారం పోలింగ్ సజావుగా జరగనివ్వండి. అనవసరంగా కెలక్కండి.”

“చాలు అనే మాట మీకెప్పుడూ త్వరగానే వచ్చేస్తుంది. మూడు మెడల్స్ అలాగే వచ్చాయి.”

ఆయన ముఖం మాడిపోయింది. నాకు కొంచెం కడుపు నిండింది.

ఎన్నికల అధికారి గది అదే అంతస్తులో చివర ఉంది. నేను వెళ్ళేసరికి నాలుగూ పది. పైన సీలింగ్ ఫ్యాను కిర్రుకిర్రుమని శబ్దం చేస్తోంది, దాని కింద ఆయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఇంకో ఏడాదిలో రిటైరవ్వాలి. ముప్పై ఏళ్ళలో ఒక్క మచ్చ లేదని శత్రువులు కూడా ఒప్పుకుంటారు.

తలుపు గడియ పెట్టాను. కూర్చోలేదు.

“ఆదివారం సీలు వేసింది మీరే కదండీ?”

“నేనే. నా చేత్తోనే వేస్తాను ఎప్పుడూ.”

“సోమవారం పొద్దున వేసింది కూడా మీరేనా?”

ఆయన కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు. నేను ఫోన్లో ఫోటో చూపించాను, మరకల సంగతి చెప్పాను. రెండు ముక్కల్లో చెప్పినా ఆయనకి పూర్తిగా అర్థమైంది.

“ముప్పై ఏళ్ళు లక్క పోశానమ్మా,” అన్నాడు చివరికి. “ఎన్ని వేల కవర్లో. లోపల కాగితం కాలుతుందని ఎప్పుడూ అనుకోలేదు.”

“ఎందుకు చేశారు?”

“పైవాళ్ళకి ఆరు ఉత్తరాలు రాశాను. మెషీను విప్పి జనానికి చూపించండి, లోపల లెక్క ఎలా జరుగుతోందో బయటివాళ్ళ చేత చూపించండి అని. ఒక్కదానికీ సరైన జవాబు రాలేదు. కంపెనీ రహస్యం అన్నారు. నా ఊళ్ళో ఓట్లు నాకే తెలియని డబ్బాలో పడతాయి, కింద సంతకం మాత్రం నాది. నిద్ర పట్టలేదు. పరీక్షలో ఒక్క తేడా వస్తే చాలు, అప్పుడు విప్పక తప్పదు అనుకున్నాను. రాదని తెలుసు. అందుకే నేనే తెచ్చాను. సిబ్బంది శిక్షణలో అచ్చయిన నిచ్చెన చీటీలు కొన్ని నా దగ్గర ఉన్నాయి. చీటీ మీద టైము ఉండదు, నంబరు ఉండదు. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.”

“ఆ పిల్ల మీదికి వస్తుందని తెలియలేదా?”

“దేవుడి సాక్షిగా తెలియలేదు.”

“తెలిశాక?” నాకు ఒళ్ళు మండిపోయింది. “రెండు రోజులు! మీరు ఇక్కడ ఫ్యాను కింద కూర్చున్నారు. అక్కడ దాని బిడ్డకి జ్వరం. మీ పేరు చెప్పడానికి కూడా దానికి మనసొప్పలేదు, తెలుసా? నన్నెందుకు పిలిచారు? నాటకమా?”

“నోరు పెగల్లేదమ్మా. ఎవరైనా కనిపెట్టి నా చెయ్యి పట్టుకుంటే బావుణ్ణనిపించింది. సిగ్గు లేనివాణ్ణి.” ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తిట్టాలని చాలా ఉంది. ఓపిక లేక కుర్చీలో కూలబడ్డాను.

“రాయండి. ఇప్పుడే. నాలుగున్నర కావస్తోంది.”

ఆయన తెల్లకాగితం ముందుకి లాక్కున్నాడు. ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, సొరుగులోంచి కళ్ళజోడు పెట్టె తీశాడు. తెరిచి నా ముందు పెట్టాడు. లోపల చీటీలు ఉన్నాయి. కవర్లోంచి ఆయన తీసేసినవి.

ఒక్కొక్కటే తీసి పరిచాను. అన్నీ గొడుగులే. అన్నిటి మీదా పై అంచున మరక, నల్లటి దాని నుంచి గోధుమ రంగు దాకా. నేను ఫోటో తీసిన ఆ మూడింటి మధ్య వీటిని పెడితే వరస పూర్తవుతుంది. లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను.

ఐదే ఉన్నాయి.

“ఇంతేనా?” అన్నాను.

“అంతే.”

“మరి మిగతావి?”

“అదే నేను మీకు చెప్పాలనుకుంటున్నది.” ఆయన కలం కింద పెట్టాడు. “సోమవారం అందరి ముందూ లెక్కపెడుతుంటే నా కాళ్ళ కింద నేల కదిలిపోయింది. నేను చేసినదానికంటే ఎక్కువ వచ్చింది. నేను అబద్ధం అనుకుని పెట్టిన చోట నిజం ముందే ఉందమ్మా. ఆ మెషీను నిజంగానే తప్పు లెక్క చెప్పింది. నేను వేలు పెట్టకపోయి ఉంటే ఈపాటికి దాన్ని విప్పేవాళ్ళు. ఇప్పుడు నేను ఒప్పుకుంటే మొత్తం నేనే చేశానంటారు. ఒప్పుకోకపోతే ఆ పిల్ల జైలుకి పోతుంది.”

మనసులోనే పన్నెండులోంచి ఐదు తీసేసుకున్నాను. శుక్రవారం ఊరంతా ఇవే మెషీన్ల మీద ఓటేస్తుంది.

ఎవరో తలుపు తట్టారు. చీటీలు పెట్టెలో వేసి, పెట్టె నా సంచిలో వేసుకుని గడియ తీశాను.

మాజీ లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. “ముద్ర గురించి ఊరికే అడగరనుకున్నాను,” అన్నాడు నాతో. బల్ల మీద సగం రాసిన కాగితం చూసి, వంగి చదివాడు. చదువుతుంటే ఆయన భుజాలు నెమ్మదిగా దిగాయి, పెద్ద బరువేదో దించుకున్నట్టు.

“కవరు నేనే తెరిచాను, చీటీలు నేనే మార్చాను. బావుంది. ఎన్ని అని రాయలేదేమండీ?”

అధికారి నా వైపు చూశాడు.

“పన్నెండు అని రాయండి,” అన్నాడు మాజీ. “లెక్క సరిపోవాలి కదా. సరిపోకపోతే మిగతావి ఆమె మార్చిందని ఇన్‌స్పెక్టరు అంటాడు. ఇద్దరూ కలిసి చేశారంటాడు. పన్నెండు అని రాసి సంతకం పెట్టండి, నేను ఇక్కడి నుంచే ఫోను చేస్తాను. పావుగంటలో ఇంటికెళ్తుంది.”

నాలుగూ నలభై ఏడు. వద్దని అనడానికి నోరు తెరిచాను. చంటిదాని జ్వరం గుర్తొచ్చి మూసుకున్నాను. అధికారి పన్నెండు అని రాశాడు. అంకెలో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి. సంతకం పెట్టాడు.

“తీసిన చీటీలు ఎక్కడ?”

“కాల్చేశాను.”

“పన్నెండూ?”

“పన్నెండూ,” అన్నాడు ఆయన. ముప్పై ఏళ్ళ సర్వీసులో మచ్చలేని మనిషి కళ్ళు ఆర్పకుండా అబద్ధమాడాడు. నా సంచి వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

మాజీ ఇన్‌స్పెక్టరుకి ఫోను చేశాడు. స్పీకర్లో పెట్టి మరీ మాట్లాడాడు. ఆమెను పంపించేస్తున్నామని అవతలి నుంచి వినిపించింది. ఆ వెనకే ముసలావిడ గొంతు, ఏడుస్తూనో తిడుతూనో.

మాజీ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, తలుపు దగ్గరికి వెళ్ళి ఇటు తిరిగాడు. ఇవాళ మొదటిసారి ఆయన ముఖం తేటగా కనిపించింది.

“అందరం హాయిగా ఇళ్ళకి పోవచ్చు ఇక. ఏమంటారు మేడమ్? ఏడు ఓట్ల తేడాకి ఊరు ఊరంతా రోడ్డెక్కడం ఏమిటండీ, విడ్డూరం కాకపోతే.”

అధికారి కలానికి మూత పెడుతూ ఆగిపోయాడు.

పేపర్లలో వచ్చింది పన్నెండు. పోలీసు కాగితాల్లో ఉన్నది పన్నెండు. ఇప్పుడు ఆయన జేబులో ఉన్నదీ పన్నెండే. ఏడు అనే మాట ఈ గదిలో నేను అనలేదు, అధికారి అనలేదు. ఆ మెషీను ఎన్ని ఓట్లు గొడుగు వైపు వేస్తుందో ముందే తెలిసినవాడు మాత్రమే ఆ అంకె చెప్పగలడు.

నేను తలెత్తకుండా ఉండాల్సింది. వయసు మీద పడింది, ముఖం దాచుకోవడం చేతకాలేదు. ఆయన నన్ను చూశాడు. తన నోట్లోంచి ఏం జారిందో అప్పుడు ఆయనకి తెలిసింది. నవ్వు అలాగే ఉంచి, చెయ్యి వెనక్కి పోనిచ్చి, నేను తీసిన గడియని ఆయన మళ్ళీ పెట్టాడు.

“మీ సంచి ఒకసారి ఇలా ఇవ్వండి మేడమ్,” అన్నాడు.